మూడో బస్సు వద్దన్నారు

సోమవారం డిస్క్రీట్ మ్యాథ్స్ పరీక్ష, దానికి ముందు శనివారం రూతక్క పెళ్ళి. ఇలా తేదీ పెట్టినవాళ్ళని మనసులో తిట్టుకుంటూ నరసరావుపేట హాస్టల్ నుంచి ఇంటికి వచ్చాను. ఆ సబ్జెక్టులో మిడ్ పరీక్షకి నాకొచ్చిన మార్కులు బయటికి చెప్పుకునేవి కావు. కంప్యూటర్ కోర్సులో చేరింది కంప్యూటర్ ముందు కూర్చోవడానికి గానీ, కాగితం మీద చుక్కలు పెట్టి గీతలు కలపడానికా అని నా ఏడుపు. మా రవిశంకర్ సార్ మాత్రం, ఫోన్లో దారి చూపించే మ్యాపు దగ్గర్నుంచి పరీక్షల టైంటేబుల్ దాకా కంప్యూటర్ చేసే పనులన్నీ ఈ చుక్కల మీదే నిలబడ్డాయని బల్ల గుద్ది చెప్పేవారు. బల్ల అదిరేది గానీ నా బుర్రకి ఏమీ ఎక్కేది కాదు.

దాచేపల్లి అవతల ఉంటుంది మా పేట. అందరం ఒకే చర్చికి వెళ్తాం, ఒకే పాట పాడతాం, పార్టీలు మాత్రం రెండు. ఒకటి కృపావరం పెదనాన్నది, అంటే మాది. రెండోది జకరయ్యది. పంచాయతీ ఎన్నికల రోజు పోలింగ్ బూత్ దగ్గర మా నాన్న యేసుపాదం, మా మేనమామ దేవసహాయం ఇద్దరూ జకరయ్య మీద కర్రలెత్తారు. జకరయ్య ఊరుకునే రకం కాదు, అతనూ ఎత్తాడు. ఆ కేసు ఇప్పటికీ గురజాల కోర్టులో నడుస్తోంది. అయినా పెళ్ళికీ చావుకీ పేట మొత్తాన్నీ పిలవాల్సిందే. పిలవకపోవడం తప్పు, పిలిచాక రాకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

రూతక్క కృపావరం పెదనాన్న కూతురు. పెళ్ళికొడుకుది మాచర్ల. నెల కిందట పెళ్ళి ఖాయం చేసుకునే ప్రధానానికి పేటంతా ఒకే బస్సులో బయల్దేరాం. రెంటచింతల దాటగానే వెనక సీట్లలో కేకలు లేచాయి. చూస్తుండగానే కేకలు చేతులయ్యాయి, ఒక కిటికీ అద్దం భళ్ళున పగిలింది. పెళ్ళివారి గుమ్మం ముందు దిగేసరికి మా మామయ్య పెదవి చిట్లి చొక్కా అంతా నెత్తురు. పెళ్ళికొడుకు తండ్రి గొంతు పెంచే మనిషి కాదు. నీళ్ళచెంబు చేతికిచ్చి, కడుక్కోమని చెప్పి, పెదనాన్నని పక్కకి పిలిచాడు.

"పెళ్ళినాడు కూడా ఇట్టా వస్తే మీ పిల్లని తీసుకుని అట్నుంచటే పొండి. మా అబ్బాయికి నేను చెప్పుకుంటాలే" అన్నాడు.

రూతక్క అక్కడే ఉంది. ఆ మాట విన్నాక ఆమె పళ్ళెంలో అన్నం కెలుకుతూ కూర్చుంది తప్ప ఒక్క ముద్ద తినలేదు.

ఆ గొడవలో మొదటి దెబ్బ ఎవరిదో నేను కళ్ళారా చూశాను. అది మా నాన్నది, పడింది మా మామయ్య మీద. జకరయ్య మనుషులు విడదీయడానికని లేచి, తలా ఒకటి తిని, తలా రెండు ఇచ్చారు. కానీ పేటకి తిరిగొచ్చాక కథ మారిపోయింది. మనోళ్ళలో మనోళ్ళే కొట్టుకున్నారంటే పార్టీ పరువేం కావాలి? అందుకని జకరయ్యవాళ్ళే మొదలుపెట్టారని మావాళ్ళు అన్నారు. జకరయ్య వాళ్ళేమో కాదనకపోగా, అవును మేమే కొట్టాం, ఏం చేసుకుంటారో చేసుకోండని మీసాలు తిప్పారు. రెండు పక్షాలూ ఒప్పుకున్న అబద్ధాన్ని కాదనేవాళ్ళు మా పల్నాడులో ఇంకా పుట్టలేదు. చివరికి పెద్దలు కూర్చుని, పెళ్ళికి పార్టీకో బస్సు పెడితే సరి అని తేల్చారు. దాచేపల్లిలో ఒక స్కూలువాళ్ళ పసుపుపచ్చ బస్సులు రెండు మాట్లాడారు. అందరూ గుండె మీద చెయ్యి వేసుకుని పడుకున్నారు.

నాన్నకీ మామయ్యకీ ఏమిటి తగువంటే, అమ్మమ్మ. మూడేళ్ళ కిందట ఆమె పోయిన రోజు అమ్మా నాన్నా గుంటూరు మిర్చి యార్డులో ఉన్నారు. వస్తున్నాం, మేమొచ్చేదాకా ఆపమని నాన్న ఫోన్ చేశాడు. మామయ్య సరేనన్నాడు. వాళ్ళు వచ్చేసరికి సమాధి తోటలో మట్టి కప్పేసి ఉంది. కన్నతల్లి ముఖం కడసారి కూడా చూడలేకపోయిన మా అమ్మ రాహేలు ఆ మట్టి పక్కన చతికిలబడింది. నాన్న అక్కడికక్కడే మామయ్య కాలర్ పట్టుకున్నాడు. ఆనాటి నుంచి మాటల్లేవు. పార్టీ మీటింగుల్లో ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర కూర్చుంటారు. పేటలో దాన్ని ఇంటి గొడవ అంటారు, లెక్కలోకి తీసుకోరు.

శుక్రవారం మధ్యాహ్నం వెనక వసారాలో కూర్చుని రిలేషన్స్ చాప్టర్ బట్టీ పడుతున్నాను. ఒక గుంపులో ఉన్నవాళ్ళని తేడా రాకుండా వర్గాలుగా విడగొట్టాలంటే వాళ్ళ మధ్య ఉన్న సంబంధానికి మూడు గుణాలు ఉండాలట. ఎవరికి వాళ్ళు తమవాళ్ళే కావాలి. నువ్వు నాకు మనోడివైతే నేనూ నీకు మనోణ్ణి కావాలి. మూడోది, నీ మనోడికి మనోడైనవాడు నీకూ మనోడు కావాలి. సార్ ఇచ్చిన అక్షరాలు తలకెక్కక, వాటి స్థానంలో మా పేటవాళ్ళని పెట్టుకుని చదువుతున్నాను. నాన్న పెదనాన్నకి మనోడు. పెదనాన్నకి మామయ్య మనోడు. కాబట్టి నాన్నకి మామయ్య మనోడు అనబోయి ఆగిపోయాను.

మూడో గుణం తప్పింది. అది తప్పితే పార్టీలన్నవి పుస్తకం ప్రకారం పార్టీలే కావు. పేటంతా రెండు ముక్కలని మేం అనుకోవడమే గానీ అది రెండు ముక్కలుగా విడదు. రేపు పొద్దున నాన్న, మామయ్య ఒకే బస్సు ఎక్కబోతున్నారు.

సుద్దముక్క తెచ్చి వసారా గచ్చు మీద ఇంటికొక చుక్క పెట్టాను. ఎవరితో ఎవరు ఒక బస్సులో కూర్చోలేరో వాళ్ళ మధ్య గీత గీశాను. బస్సు అంటే రంగు. గీతకి రెండు కొసల్లోనూ ఒకే రంగు పడకూడదు. అంతే, మిడ్ పరీక్షలో నేను తెల్లకాగితం వదిలేసి వచ్చిన గ్రాఫ్ కలరింగ్ లెక్క ఇదే. పేటలో తగువులకేం కొదవ, గీతలు బోలెడు పడ్డాయి. అయినా అన్ని ఇళ్ళకీ రెండు రంగులతో సర్దుబాటు కుదిరింది, ఒక్క మూల తప్ప. నాన్న, మామయ్య, జకరయ్య. ఈ ముగ్గురిలో ఎవరికీ ఎవరితోనూ పడదు, మూడు గీతలు కలిసి మూడుమూలల బొమ్మ అయింది. అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఉన్నవి రెండు గూళ్ళు, పావురాలు మూడు. ఏ గూట్లోనో రెండు పావురాలు పడి తీరతాయి. దేవుడు దిగొచ్చినా దీనికి రెండు బస్సులు సరిపోవు. చిత్రమేమిటంటే, నెలల తరబడి అర్థం కాని పాఠం ఆ క్షణంలో నాకు పూర్తిగా అర్థమైంది, అర్థమైనందుకు ఏడుపొచ్చింది.

వెంటనే కృపావరం పెదనాన్న ఇంటికి పరుగెత్తాను. పందిరి కింద వంటవాళ్ళతో మాట్లాడుతున్నాడు. పక్కకి లాగి, ప్రధానం నాడు నేను చూసింది చూసినట్టు చెప్పి, ఇంకో బస్సు మాట్లాడమన్నాను.

"మూడో బస్సా?" పెదనాన్న చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మూడో బస్సు పెడితే ఊళ్ళో మూడో పార్టీ ఉన్నట్టు మనమే ఒప్పుకున్నట్టు గదే! రేపు జకరయ్య మైకులో చెప్తాడు, కృపావరం పార్టీ రెండుగా చీలిందని."

"పోనీ నాన్ననో మామయ్యనో బండి మీద రమ్మను."

"ఎవర్ని? బస్సు దిగినోడు భయపడి దిగినట్టు. యేసుపాదం దిగుతాడా? దేవసహాయం దిగుతాడా? చెప్పు నువ్వే."

కండువా దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"బావా బావమరుదులు, వాళ్ళకి వాళ్ళకి ఏముంటదే? పో, పోయి చదువుకో. నాకు చానా పనులున్నయ్" అన్నాడు. అన్నాడే గానీ, మొదటి దెబ్బ నాన్నదని నేను చెప్పినప్పుడు ఆయన ఆశ్చర్యపోనే లేదు. ఆయనకి అన్నీ తెలుసు. తెలిసి కూడా, రెండే పార్టీలున్నాయన్న మాట మీద కూతురి పెళ్ళిని పెట్టి కూర్చున్నాడు. పెద్దమనిషని ఊరుకున్నాను గానీ కడిగి పారేయాలనిపించింది.

రూతక్క లోపలి గదిలో నుంచి మా మాటలు విన్నట్టుంది. చేతులకి గోరింటాకు ఆరకుండానే బయటికి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఈసారి ఆగిపోతే వాళ్ళు మళ్ళీ రారు ప్రియా. నాకు ఆయనంటే ఇష్టమే. మీ నాన్నతో చెప్పవే. నీ మాట వింటాడు గదా" అంది.

నా మాట నాన్న వినేది ఫీజు గడువు ఎప్పుడో చెప్పినప్పుడు మాత్రమే. అయినా సాయంత్రం ఆయన గడ్డం గీసుకుంటుంటే పక్కన చేరి అడిగాను. నాన్న అద్దంలోంచే నా వైపు చూశాడు.

"నేనేం గొడవ పెట్టుకోను. వాడు ఆ బస్సులో లేకపోతే చాలు."

"ఉంటే?"

"ఉంటే ఆ బస్సు మాచర్ల చేరదు" అన్నాడు, తిరిగి గడ్డం గీసుకోసాగాడు.

వసారాలోకి వచ్చేసరికి అమ్మ ఆ సుద్ద బొమ్మ ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఇదేందని అడిగింది. నాకు కోపంలో ఎవరో ఒకరితో మాట్లాడాలని ఉంది కాబట్టి మొత్తం చెప్పాను. చుక్కంటే ఇల్లు, గీతంటే పగ, రంగంటే బస్సు. ఈ మూడుమూలల దగ్గరే వచ్చింది చిక్కంతా అన్నాను.

"ఒక్క గీత చెరిపితే చాలా?" అంది అమ్మ.

"చాలు. కానీ జకరయ్యవి రెండూ కోర్టులో ఉన్నాయి, రేపటికి చెరిగేవి కావు. ఇక మిగిలింది నాన్నకీ మామయ్యకీ మధ్య ఉన్నదే. దాన్ని ఎవరు చెరుపుతారు? నాన్నా? మామయ్యా? ఇద్దరికీ మొండితనమే."

అమ్మ మా ఇంటి చుక్క వైపే చూసి, లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. అమ్మకి ఇవేం అర్థమవుతాయిలే అనుకున్నాను.

శనివారం పొద్దున చర్చి ముందు రెండు పచ్చ బస్సులూ వచ్చి ఆగాయి. ముందు బస్సు జకరయ్యవాళ్ళది, అప్పటికే నిండిపోయింది. వెనక బస్సులో మామయ్య అందరికంటే ముందే వచ్చి, మధ్యలో ముగ్గురు పట్టే సీటులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆ సీటులో ఆయన పక్కన కూర్చోవడానికి ఎవరూ సాహసించలేదు. తెల్లచీర కట్టుకున్న రూతక్క బస్సు పక్కన ఆగిన కారులో ఉంది, అద్దం దించి మా వైపే చూస్తోంది.

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మెట్టు మీద కాలు పెట్టి, లోపలికి చూసి ఆగిపోయాడు.

"వాణ్ణి దించండి, నేనెక్కుతా" అన్నాడు.

"నేను దిగేదేంది? ముందొచ్చింది నేను" అని మామయ్య లోపల్నుంచి అరిచాడు.

"దిగుతావా, లాగమంటావా?"

"లాగు, చూద్దాం!"

పెదనాన్న కండువా సర్దుకుంటూ ఇద్దరి మధ్యకీ పరుగెత్తాడు. "ఒరేయ్, పెళ్ళి పెట్టుకుని ఇదేందిరా! యేసుపాదం, నీకు దణ్ణం పెడతా!" ముందు బస్సు కిటికీల్లోంచి తలకాయలన్నీ బయటికి వచ్చాయి. జకరయ్య కూడా తల పెట్టాడు, నవ్వును మీసంలో దాచుకుంటున్నాడు. ఎవరో ఈల వేశారు. ఆ ఈలకి మా బస్సులో నలుగురు కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. నాన్న చొక్కా చేతులు మడవడం మొదలుపెట్టాడు. మామయ్య కూడా సీట్లోంచి లేచాడు. నిన్న సుద్దతో వేసిన లెక్క కళ్ళ ముందే నిజమవుతోంది. ఒక్క దెబ్బ పడితే చాలు, రెండు బస్సులూ ఖాళీ అయి పేటంతా రోడ్డు మీదికి దిగుతుంది. నేను నాన్న చెయ్యి పట్టుకున్నాను. నాన్న చూడకుండానే విదిలించి కొట్టాడు.

అప్పుడు అమ్మ నన్ను పక్కకి జరిపింది. నాన్న భుజం మీద చెయ్యి వేసి, ఆయన్నీ పక్కకి జరిపింది. మెట్లెక్కి, నడుచుకుంటూ వెళ్ళి మామయ్య పక్కన కూర్చుంది. మామయ్య నిలబడే ఉన్నాడు, ఏం చెయ్యాలో తోచనట్టు.

"కూచోరా" అంది. కూర్చున్నాడు.

తర్వాత నాన్న వైపు తిరిగింది. అమ్మ గొంతు అంత దూరం వినపడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

"అమ్మ మొహం చూడంది నేను. మొహం చూపీకుండా మట్టేసింది నా తమ్ముడు. మజ్జెలో నీ కోపం ఏందయ్యా? మూడేళ్ళ నుంచి మీరిద్దరే కాలర్లు పట్టుకుంటన్నారు. పేటంతా మీ ఇద్దర్నీ విడదీస్తంది. నీకెట్టా ఉంది రాహేలా అని ఒక్కడన్నా అడిగారా నన్ను? నువ్వడిగావా? వాడడిగాడా?"

నాకు నిన్నటి సుద్ద బొమ్మ గుర్తొచ్చింది. ఇంటికొక చుక్క పెట్టానే, ఆ చుక్కలన్నీ మగవాళ్ళ పేర్లు. అందులో మా అమ్మ ఎక్కడా లేదు. పేటవాళ్ళని చూసి పళ్ళు కొరుక్కున్న నేనూ లెక్క వేసేటప్పుడు వాళ్ళు వేసినట్టే వేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అమ్మ మామయ్య వైపు తిరిగింది.

"ఒరే, ఎందుకు ఆగలా? బావ ఫోన్ చేస్తే సరేనన్నావు గదా. చెప్పు, ఇప్పుడన్నా చెప్పు."

మామయ్య పెదవి మీద పాత దెబ్బ మచ్చని తడుముకున్నాడు.

"భయమేసిందక్కా. నువ్వొచ్చి అమ్మ మీద పడి ఏడిస్తే నేను చూళ్ళేననుకున్నా. తొందరగా కానిచ్చేస్తే ఆ ఏడుపు వినే పనుండదనుకున్నా. ఇంకేం లేదక్కా, పిరికితనమే."

అమ్మ చాచి చెంప మీద ఒక్కటి కొట్టింది. ఆ చప్పుడు ముందు బస్సు దాకా వినపడే ఉంటుంది, కిటికీల్లో తలకాయలు ఒక్కసారిగా లోపలికి వెళ్ళిపోయాయి. కొట్టిన చేత్తోనే తమ్ముడి తల గుండెకి అదుముకుని ఏడ్చింది. మూడేళ్ళుగా దాచిపెట్టిన ఏడుపు అది. అమ్మా అమ్మా అంటూ, బస్సులో అందరి ముందూ, చనిపోయిన రోజున ఏడవాల్సినట్టు ఏడ్చింది. మామయ్య పసిపిల్లవాడిలా వెక్కాడు. లేచి నిలబడిన కుర్రాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. వెనక సీట్లోంచి ఎవరో ముసలమ్మ ముక్కు చీదింది.

కాసేపటికి అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని తలెత్తింది.

"ఏమయ్యా, ఎక్కుతావా, ఇంటికాడ ఉంటావా? పిల్ల పెళ్ళికి టైమవుతంది" అంది.

నాన్న మడిచిన చొక్కా చేతులు మడిచినట్టే ఉన్నాయి. పెదనాన్న మెట్ల దగ్గర దారి వదిలి పక్కకి జరిగాడు. నాన్న రోడ్డు వైపు చూశాడు, కారులో రూతక్క వైపు చూశాడు. ఎక్కాడు. ఖాళీ ఉన్నది అమ్మ పక్కనే. అందులోనే, ఈ చివరన, కాళ్ళు బయటికి పెట్టుకుని కూర్చున్నాడు. నేను వెనక సీట్లో ఇరుక్కున్నాను.

బస్సు కదిలింది. గురజాల దాటాం. అమ్మ ఆగి ఆగి వెక్కుతూనే ఉంది. నాన్న మెడ నిటారుగా పెట్టి ముందుకే చూస్తున్నాడు. ఎప్పుడు ఏం పేలుతుందోనని నేను వాళ్ళ మీదే కళ్ళు పెట్టాను. రెంటచింతల ఊరు కనపడగానే బస్సంతా సర్దుకుని కూర్చుంది. అందరికీ పోయినసారి గుర్తొచ్చినట్టుంది. సరిగ్గా అప్పుడే నాన్న మామయ్య వైపు తిరిగాడు. నేను సీటు కడ్డీ గట్టిగా పట్టుకున్నాను.

"ఆ కిటికీ తెరువు. మీ అక్కకి గాలాడటంలా" అన్నాడు.

మామయ్య కిటికీ తెరిచాడు.